నాలుగు సిలిండర్లు యాడికి పోయినయ్? కొత్త స్పోర్ట్ టూరర్లు, మన రోడ్లు, నా వెనక షాకప్పు

పెన్నాఒడ్డు, నెల్లూరు — ఆదివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నా బండి నింజా 650. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని రెండేళ్ళయింది, మీటరు 38 వేలు దాటింది. నిన్న ఒక్కణ్ణే శ్రీశైలం బయల్దేరినా, ఇందాకే ఇల్లు చేరినా. ఒంగోలు దాకా హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. చీమకుర్తి రోడ్డెక్కినాక మొదలైంది. గ్రానైట్ లారీలు తొక్కి తొక్కి తారు అంచులు లేచి ఉండాయి. ప్రతి అతుకు కాడా వెనక చక్రం గాడిద తన్నినట్టు తంతా ఉంది. పొదిలికి నడుం పట్టేసింది. మార్కాపురంలో టీ కొట్టు కాడ బల్ల ఖాళీగా ఉన్నా నిలబడే తాగినా.

విచిత్రం ఏందంటే, మా ఆవిణ్ణి ఎక్కించుకుని మైపాడు బీచికి పోయినప్పుడు ఈ గోల లేదు. "బాగానే ఉంది కదా, నీకే వయసైపోతా ఉంది" అనింది.

సరే, బండి మార్చే టైమొచ్చింది అనుకుని నెల రోజులుగా కొత్త స్పోర్ట్ టూరర్లు, అదే దూరాలకి జోరుగా పోయే బళ్ళు, చూస్తుండా. రెండు సంగతులు అర్థం కావడంలా. ఒకటి, చూసిన ప్రతి బండీ ప్యారలల్ ట్విన్, అంటే పక్కపక్కన రెండు సిలిండర్లది, అంటున్నారు. యమహా ఎఫ్‌జేఆర్ 1300, కవాసాకి 1400 లాంటి పెద్ద నాలుగు సిలిండర్ల బళ్ళు యాడికి పోయినయ్? రెండు, షాకప్పుల్ని కరెంటుతో సర్దే ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ అని లక్షలు ఎక్కువ అడుగుతున్నారు. మన రోడ్లకి అది పనికొస్తదా, నాలుగు నెలలకే మొరాయిస్తదా? తెలిసినోళ్ళు చెప్పండి.

రొయ్యలబాబు, అల్లూరు — ఆదివారం రాత్రి 11:15

నాలుగు సిలిండర్లు యాడికీ పోలా, నా షెడ్డులో ఉంది. నింజా 1000ఎస్‌ఎక్స్. రొయ్యల గుంటల కాడికి పాత స్ప్లెండరేసుకుని పోతా, దీన్ని ఆదివారం పూట తీస్తా. ఆరో గేర్లో ఊరి బయట యాక్సిలేటర్ తిప్పితే పట్టుచీర మడత విప్పినట్టు పోద్ది. ఆ సుఖం రెండు సిలిండర్లలో లేదబ్బయా.

కాకపోతే నాకూ ఒక కడుపుమంట ఉంది. 2025 మోడల్‌గా వచ్చిన 1100ఎస్‌ఎక్స్ చూడు. ఇంజన్ 1043 సీసీ నుంచి 1099 సీసీకి పెంచినారు. పవరేమో 142 నుంచి 136కి దించినారు. చెరువు పెద్దది చేసి రొయ్యలు తక్కువ పట్టినట్టుంది. ఇదేం లెక్క?

కావలి మాస్టారు, కావలి — సోమవారం ఉదయం 6:20

బాబూ, లెక్క సరిగ్గానే ఉంది, మీరు చూసే గడి వేరు. నేను మెకానికల్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి, కాస్త సాగదీస్తాను, ఓపిక పట్టండి.

ఆ ఇంజన్‌లో బోర్, అంటే సిలిండర్ వెడల్పు, మారలేదు, 77 మిల్లీమీటర్లే. స్ట్రోక్ 56 నుంచి 59కి పెరిగింది. పిస్టన్ నడిచే దూరం పెరిగింది, అంతే. 142 హార్స్ పవర్ వచ్చేది 10,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర. 136 వచ్చేది 9,000 దగ్గర. టార్క్, అంటే తిప్పే బలం, మాత్రం 111 నుంచి 113 న్యూటన్ మీటర్లయింది, అదీ 8,000 దగ్గర రావాల్సింది 7,600కే వస్తోంది. పవర్ అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో హెచ్చవేయడం. పై కొసన కోసి కింద అతికించారు. అల్లూరు నుంచి నెల్లూరు వచ్చేటప్పుడు మీరు ఎన్నిసార్లు పదివేలు తిప్పారో నిజం చెప్పండి. పైగా ఐదు, ఆరు గేర్లు కూడా పొడవు చేశారు, హైవేలో ఇంజన్ తీరిగ్గా తిరగడానికి.

ఇలాంటి మార్పుల వెనక సాధారణంగా పొగ చట్టాలు ఉంటాయి. యూరప్‌లో 2020 నుంచి యూరో 5, మనకు అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6. ఎక్కువ ఆర్‌పీఎంలో పవర్ రావాలంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు కలిసి తెరిచి ఉండాలి. వేగంగా తిరిగేటప్పుడు అది మేలే. నిదానంగా తిరిగేటప్పుడు మాత్రం కాలని పెట్రోలు అటు నుంచి అటే సైలెన్సర్లోకి జారిపోతుంది. చట్టం పట్టుకునేది దాన్నే. అందుకని ఆ కలిసి తెరుచుకునే సమయాన్ని తగ్గిస్తారు. పై కొసన పవర్ పోతుంది. ఆ లోటు పూడ్చడానికి సీసీ పెంచుతారు. బీఎండబ్ల్యూ వాళ్ళు ఇంకో దారి పట్టారు. 2018లో రెండు సిలిండర్లు చెరో పక్కకీ ఉండే బాక్సర్ ఇంజన్‌కి షిఫ్ట్‌క్యామ్ అని పెట్టి, ఇన్‌టేక్ క్యామ్ మీదే రెండు రకాల గుబ్బలు చెక్కారు. నిదానంగా పోయేటప్పుడు ఒకటి, దౌడు తీసేటప్పుడు ఒకటి.

ఇక ప్యారలల్ ట్విన్ సంగతి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే అడగండి, రోట్లో ఇద్దరు రోకళ్ళేసి వడ్లు దంచేవాళ్ళు. ఆ రోకళ్ళే ఇక్కడ పిస్టన్లు అనుకోండి. ఇద్దరూ ఒకేసారి వేస్తే నేలంతా అదురుతుంది, అది 360 డిగ్రీల క్రాంకు (పిస్టన్ల పైకీ కిందికీ నడకని గుండ్రటి తిరుగుడుగా మార్చే ఇరుసు), పాత ఇంగ్లీషు ట్విన్‌లది. ఒకరిది పైకి లేస్తే ఒకరిది కిందికి దిగడం 180 డిగ్రీలు, పెన్నాఒడ్డు గారి నింజా 650ది అదే. ఇందులో ఒక పోటుకీ (సిలిండర్లో పెట్రోలు మండటం) ఇంకో పోటుకీ మధ్య 180 డిగ్రీలు, ఆ తర్వాత 540 డిగ్రీల ఖాళీ. కొత్తవాటిల్లో చాలా మటుకు 270 డిగ్రీలు. పోట్లు 270, 450 డిగ్రీల తేడాతో పడతాయి. రెండు సిలిండర్లు వీ ఆకారంలో ఉండే 90 డిగ్రీల వీ ట్విన్ లయ కూడా ఇదే. అందుకే ఆ "దడక్ దడక్" శబ్దం. ఇంటర్‌సెప్టర్ 650 పక్కన నిలబడితే వినపడేది ఇదే లయ.

శబ్దం ఒక్కటే కాదు లాభం. పిస్టన్ పైకొసకీ కింది కొసకీ చేరినప్పుడు ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరుగుతుంది. 180లోనూ 360లోనూ రెండు పిస్టన్లూ ఒకేసారి ఆగుతాయి, క్రాంకు వేగం ప్రతిసారీ తడబడుతుంది. 270లో ఒకటి ఆగిన సమయానికి రెండోది దౌడు మీద ఉంటుంది, ఒకదాని లోటు ఒకటి పూడుస్తుంది. కాబట్టి యాక్సిలేటర్‌కీ వెనక టైరుకీ మధ్య సంబంధం తేటగా తెలుస్తుంది. యమహా వాళ్ళు 1995లో టీఆర్‌ఎక్స్ 850లో పెట్టారు దీన్ని. ఇప్పుడు హోండా ఎన్‌టీ 1100లో 1084 సీసీ, సుజుకిలో 776 సీసీ, ట్రాన్సాల్ప్‌లో 755 సీసీ, అన్నీ ఇదే బాట.

డబ్బు సంగతి దాచడం ఎందుకు. వీ ట్విన్‌కి రెండు హెడ్డులు, రెండు సెట్ల క్యామ్‌లు. ప్యారలల్ ట్విన్‌కి ఒకటే హెడ్డు. పొడవూ తక్కువ, కాబట్టి వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ పొడుగ్గా పెట్టుకోవచ్చు. ఒకే ఇంజన్‌తో నాలుగు రకాల బళ్ళు అమ్ముకోవచ్చు.

బుల్లెట్ బావ, కందుకూరు — సోమవారం ఉదయం 7:05

మాస్టారూ, రోకళ్ళ లెక్క బాగుంది. మాకు ఒకటే రోకలి. దంచితే ఊరంతా వినపడద్ది. అది చాలదా?

రొయ్యలబాబు, అల్లూరు — సోమవారం ఉదయం 7:30

బావా, నీ రోకలి సింగరాయకొండ దాటాక అద్దంలో వెనకొచ్చే లారీ నాలుగుగా కనపడద్ది.

మాస్టారూ, పదివేలు నేను ఒకేసారి తిప్పినా. కృష్ణపట్నం పోర్టు రోడ్డులో, తెల్లారుజామున. మళ్ళీ తిప్పలా. ఒప్పుకుంటుండా.

ఒంగోలు స్పానర్, ఒంగోలు — సోమవారం మధ్యాహ్నం 1:50

ఇంజన్ గోల అయిందా? ఇప్పుడు అసలు రోగం చూద్దాం.

పెన్నాఒడ్డు తమ్ముడూ, నువ్వు అడక్కుండానే జవాబు చెప్పేశావు. ఒక్కడివే ఉంటే తంతంది, ఇద్దరుంటే తన్నట్లేదు. అంటే వెనక స్ప్రింగు ఇద్దరి బరువుకి బిగించి ఉంది. నీ బరువెంత? బండి ఎవరి దగ్గర కొన్నావు, ఆయన మనిషి ఎట్టాంటోడు? వెనక షాకప్ ప్రీలోడ్, అంటే స్ప్రింగుని ముందే ఎంత నొక్కి పెట్టారో, ఏ మెట్టు మీద ఉందో ఎప్పుడన్నా వంగి చూశావా? ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాల్లో ఆయిల్ ఎప్పుడు మార్చారు?

నా షెడ్డుకి పది లచ్చల బళ్ళొస్తయ్. ఇంజనాయిల్ ఏ బ్రాండో, ఏ గ్రేడో తడుముకోకుండా చెప్తారు. ఫోర్కాయిల్ అంటే మొహమొహాలు చూసుకుంటారు. మొన్న ఒకటి విప్పితే డికాషన్ లాగా కారింది, అడుగున బురద. ఫోర్కు తప్పేముంది అందులో.

రెండు కొలతలు తీసి పెట్టు. బండిని ఇద్దరు పట్టుకుని వెనక చక్రం నేల వదిలేదాకా లేపండి. ఇరుసు నుంచి నిలువుగా సీటు కింద ఒక గుర్తు దాకా టేపుతో కొలవండి. తర్వాత నువ్వు హెల్మెట్టు, జాకెట్టు అన్నీ వేసుకుని రెండు కాళ్ళూ పైన పెట్టి కూర్చో, ఒకరు బండిని నిలువుగా పట్టుకోవాలి, ఇంకొకరు అదే కొలత తీయాలి. ఆ తేడా ఎంతో చెప్పు. ముందు ఫోర్కు గొట్టానికి ఒక ప్లాస్టిక్ టై కట్టి పైకి తోసి పెట్టు, ఊళ్ళో ఒక చుట్టు తిరిగొచ్చాక అది ఎంత కిందికి జరిగిందో చూడు.

మూడో మలుపు, ఒంగోలు — సోమవారం సాయంత్రం 5:45

నాది టైగర్ స్పోర్ట్ 660. స్కూల్లో పాఠాలు, సెలవుల్లో బండి. రెండు, నాలుగు అంటున్నారు, మధ్యలో మూడుందని ఎవరికీ గుర్తు రాలేదు. 660 సీసీ, 81 హార్స్ పవర్, 64 న్యూటన్ మీటర్లు, ప్రతి 240 డిగ్రీలకీ ఒక పోటు, సమానంగా. రెండు సిలిండర్ల అదురూ లేదు, నాలుగు సిలిండర్లలాగా మరీ పైకి తిప్పితేనే గానీ కదలదన్న బాధా లేదు. యమహా కూడా 1298 సీసీ ఎఫ్‌జేఆర్‌ని పక్కన పెట్టి 890 సీసీ మూడు సిలిండర్ల ట్రేసర్ 9కి వచ్చింది. ఎఫ్‌జేఆర్ 290 కిలోల దగ్గర, 2021 ట్రేసర్ 9 జీటీ 220 కిలోలు. పార్కింగులో వెనక్కి తొయ్యాల్సింది మనమే కదా. ఆ 70 కిలోల తేడా ఇంజన్ పుస్తకంలో కాదు, మోకాళ్ళలో తెలుస్తుంది.

సస్పెన్షన్ మాటకొస్తే నా బండిలో ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. ముందు ఫోర్కుకి తిప్పుకోవడానికి ఏమీ ఇవ్వలేదు, దానికి నేను మొహం చిట్లించుకునే ఉన్నాను. కానీ వెనక ప్రీలోడ్‌కి పక్కన ఒక గుండీ ఇచ్చారు, చేత్తో తిప్పడమే. లోపల హైడ్రాలిక్. మా అమ్మని ఎక్కించుకుని త్రిపురాంతకం గుడికి పోయేటప్పుడు అన్ని చుట్లూ బిగిస్తా. వచ్చాక వదులు చేస్తా. అరనిమిషం పని.

ఒకసారి మర్చిపోయి బిగించిన గుండీతోనే ఒంటరిగా నల్లమల ఎక్కాను. వాన. రాత్రి 9 దాటితే అడవి దారి మూసేస్తారని దోర్నాల గేటు అందుకోవాలన్న తొందర. మలుపులో తడి ఆకుల మీద వెనక టైరు బెత్తెడు పక్కకి జరిగింది. బ్రేకు పట్టలేదు, ఊపిరే పట్టాను. ఆగి టార్చి వేసి చూస్తే గుండీ చివరికంటా బిగించి ఉంది. అప్పట్నుంచి తాళంచెవికి ఎర్ర రిబ్బన్ కట్టాను. రిబ్బన్ ఉంటే గుండీ బిగించి ఉన్నట్టు.

మ్యూనిక్ నెల్లూరోడు, జర్మనీ — సోమవారం రాత్రి 11:55

మూలాపేటలో పుట్టి ఇక్కడ పన్నెండేళ్ళుగా ఉండా. చలికాలం బండి షెడ్డులో పెట్టేసి మీ పోస్టులు చదువుకుంటుంటా. నాది బీఎండబ్ల్యూ ఆర్‌టీ. ముందు చక్రం సస్పెన్షన్ గురించి ఎవరూ మాట్లాడలా, నేను అందుకుంటుండా.

మామూలు ఫోర్కుతో తంటా ఏందంటే, అది ఒక్కటే మూడు పనులు చెయ్యాల. హ్యాండిల్ తిప్పాల, గుంట మింగాల, బ్రేకు బరువు మొయ్యాల. బ్రేకు పట్టగానే బరువంతా ముందుకొచ్చి మూతి వంగుద్ది. ఫోర్కు సగం ప్రయాణం దానికే అయిపోద్ది. సరిగ్గా అప్పుడే గుంటొస్తే మింగడానికి మిగిలింది సగమే. పైగా గొట్టాలు వంగి ఒకదాన్నొకటి ఒరుసుకుని బిర్రబిగుస్తయ్.

1993లో ఆర్ 1100 ఆర్‌ఎస్‌తో బీఎండబ్ల్యూ టెలిలీవర్ తెచ్చింది. గొట్టాలు దారి చూపించడానికే. ఇంజన్ ముందు నుంచి ఒక త్రికోణపు చెయ్యి వచ్చి ఫోర్కు కింది బ్రిడ్జిని పట్టుకుంటది, స్ప్రింగూ, దాని ఊపుని నూనెతో అదుపు చేసే డాంపరూ దాని మీద విడిగా ఒక షాకప్‌లో ఉంటయ్. బ్రేకు బరువులో ఎక్కువ భాగం ఆ చెయ్యి నుంచి నేరుగా ఇంజన్‌కి పోద్ది, మూతి పెద్దగా వంగదు. 2004లో కే 1200 ఎస్‌కి డుయోలీవర్ పెట్టినారు, నార్మన్ హోసాక్ అనే ఇంజనీరు ఆలోచన అది. కారుకి ఉన్నట్టు రెండు చేతులు, ఒకదాని మీద ఒకటి. 2018 గోల్డ్‌వింగ్‌కి హోండా పెట్టిన డబుల్ విష్‌బోనూ అదే వంశం.

మరి అంత మంచిదైతే అందరూ ఎందుకు పెట్టలా? బరువు, ఖర్చు. దానికి మించి ఇంకోటి. మూతి వంగడం కూడా ఒక కబురే. ఎంత గట్టిగా బ్రేకు పట్టినామో చేతులకి ఆ వంపుతోనే తెలుస్తది. అది లేకపోతే కొంతమందికి చేతుల్లో ఏమీ లేనట్టుంటది. 2015లో ఆర్ 1200 ఆర్‌ఎస్‌కి బీఎండబ్ల్యూనే మళ్ళీ మామూలు తలకిందుల ఫోర్కులకి వచ్చేసింది. ఆర్‌టీకి మాత్రం టెలిలీవర్ వదల్లా. ఇంటాయన దూరాభారం పోయే బండి అది, ఆర్‌ఎస్ కుర్రోళ్ళది.

ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ రెండు రకాలు, అమ్మేవాళ్ళు కలిపేసి చెప్తారు, జాగ్రత్త. ఒకటి, బటన్ నొక్కితే మోటారు ప్రీలోడునో డాంపింగునో మార్చేది. 2004 నాటి ఈఎస్‌ఏ అట్టాంటిదే. ఇంకోటి సెమీ యాక్టివ్, పోతా పోతా తనే మార్చుకునేది. 2012లో బీఎండబ్ల్యూ హెచ్‌పీ 4కి, 2013లో డుకాటి మల్టీస్ట్రాడాకి వచ్చింది. డుకాటి వాళ్ళు దానికి స్కైహుక్ అని పేరు పెట్టినారు, సీటుని ఆకాశానికి కొక్కెం వేసి తగిలించినట్టు కదలకుండా ఉండాలని. చక్రం ఎంత లేచింది, బండి ఎంత ఒరిగింది అని సెన్సర్లు చెప్తుంటయ్. కంప్యూటరు షాకప్‌లో నూనె పోయే దారిని క్షణంలో ఎన్నోసార్లు ఇరుకు, వెడల్పు చేస్తది. ఒకటి గుర్తుపెట్టుకో తమ్ముడూ, అది చక్రాన్ని తనంతట తాను ఎత్తదు, దించదు. స్ప్రింగు స్ప్రింగే.

కావలి మాస్టారు, కావలి — మంగళవారం ఉదయం 6:10

మ్యూనిక్ గారు బాగా చెప్పారు. చీమకుర్తి రోడ్డుకి సంబంధించి ఒక ముక్క కలుపుతాను.

చెరువులో దిగి నీళ్ళను అరచేత్తో మెల్లగా తొయ్యండి, దారిస్తాయి. అదే అరచేత్తో ఫట్‌మని కొట్టండి, గోడలాగా ఎదురొస్తాయి. చవక డాంపర్లో నూనె పోయేది చిన్న బెజ్జం గుండా. వేగం రెండింతలైతే ఎదురు నాలుగింతలవుతుంది. ఇక్కడ వేగం అంటే బండి వేగం కాదు, షాకప్‌లో పిస్టన్ కదిలే వేగం. బ్రేకు పట్టినప్పుడు మూతి వంగడం నిదానపు కదలిక. లారీలు లేపిన తారు అంచు తగలడం మెరుపు కదలిక. నిదానపు వంపు ఆపాలని బెజ్జం ఇరుకు చేస్తే, అంచు తగిలినప్పుడు డాంపర్ కట్టెలా బిగుసుకుంటుంది. అంచుకోసం వెడల్పు చేస్తే బ్రేకు దగ్గర మూతి నేలకి తగులుతుంది. మంచి ఫోర్కుల్లో దీనికి పలచటి ఉక్కు రేకులు దొంతరగా పెడతారు. కొట్టుడు ఎక్కువైతే అవి వంగి దారిస్తాయి. సెమీ యాక్టివ్ చేసేదీ ఈ పనే, కాకపోతే సెన్సర్లతో అప్పటికప్పుడే కనిపెట్టి చేస్తుంది. కాబట్టి పనికొస్తుందా అంటే, సాఫీ హైవే మీద కంటే మన రోడ్ల మీదే దానికి ఎక్కువ పని.

రొయ్యలబాబు, అల్లూరు — మంగళవారం ఉదయం 8:00

పని సరే, చెడితే? మా వైపు ఉప్పుగాలి. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ మోటార్లే ఏడాదికోసారి విప్పాల. చైను వారం ఆయిల్ పెట్టకపోతే ఎర్రగా పూస్తది. ఎఫ్‌జేఆర్‌కీ 1400కీ చైను బదులు షాఫ్ట్, అదే వెనక చక్రాన్ని తిప్పే ఇనప కడ్డీ, ఉండేది, చైను గోల లేకుండా. కొత్తవాటిల్లో బరువు తగ్గాలని మళ్ళీ చైనుకే వచ్చినారు. ఈ విషయంలో మాత్రం వెనక్కి నడిచినట్టే.

ఇంకోటి, వేడి. రోహిణి కార్తెలో ఆత్మకూరు బస్టాండు సిగ్నల్ కాడ నాలుగు సిలిండర్ల మీద కూర్చుంటే తొడలు పెనం మీద పెట్టినట్టే. కొత్త మల్టీస్ట్రాడా వీ4లో బండి ఆగినప్పుడు వెనక రెండు సిలిండర్లు ఆపేస్తారంట, కాళ్ళకి వేడి తగలకుండా. 1158 సీసీ, 170 హార్స్ పవర్. దానికి డుకాటి వాళ్ళ పేరున్న, స్ప్రింగులు లేకుండా మూసుకునే డెస్మో వాల్వులు కూడా తీసేసి మామూలు స్ప్రింగులు పెట్టినారు, వాల్వు చెకింగు 60 వేల కిలోమీటర్లకి ఒకసారి. అదీ మార్పంటే.

బుల్లెట్ బావ, కందుకూరు — మంగళవారం ఉదయం 8:20

ఆ డుకాటికి ముందూ వెనకా రాడార్ కూడా ఉందంట కదా. హైవే మీద గేదె అడ్డమొస్తే మొక్కజొన్న ఏమన్నా వేస్తదా?

ఇంతకీ ఈ20 పెట్రోలుకి ఈ కొత్త ఇంజన్లు...

వేదిక పెద్ద — మంగళవారం ఉదయం 8:25

ఈ20కి వేరే చర్చ నడుస్తోంది, నలభై పేజీలు. అక్కడికి దయచేయండి. ఇక్కడ మొదలుపెడితే తాళం వేస్తాను.

పెన్నాఒడ్డు, నెల్లూరు — బుధవారం రాత్రి 9:30

స్పానరన్నా, కొలతలు తీసినాం. మా తమ్ముడూ, ఎదురింటి పిల్లోడూ పట్టుకున్నారు. వీధిలో అందరూ గేట్ల కాడికొచ్చి చూసినారు, బండికి బ్లౌజు కుట్టిస్తున్నావా అనింది పక్కింటి పెద్దామె.

చక్రం గాల్లో ఉన్నప్పుడు 600 మిల్లీమీటర్లు. నేను కూర్చుంటే 588. తేడా 12. నా బరువు 62 కిలోలు. ప్రీలోడ్ చివరి మెట్టు మీద ఉంది. మొదటాయనకి ఫోన్ చేస్తే నవ్వినాడు. ఆయన 98 కిలోలు, భార్యతో కలిసి రెండు పక్కలా పెట్టెలేసుకుని తిరిగేవోళ్ళంట. "అమ్మేటప్పుడు చెప్పడం మర్చిపోయినానబ్బయా" అన్నాడు. రెండేళ్ళు! నాకూ వంగి చూడాలని తోచలా.

ముందు టై 92 మిల్లీమీటర్లు జరిగింది. ఫోర్కాయిల్ ఎప్పుడూ మార్చలేదంట. గాలి మాత్రం నేను బంకులో ముందూ వెనకా 40 కొట్టించుకుంటుండా.

ఒంగోలు స్పానర్, ఒంగోలు — బుధవారం రాత్రి 10:05

12 మిల్లీమీటర్లా! నువ్వు షాకప్ మీద కాదయ్యా, ఇనప కుర్చీ మీద కూర్చుని శ్రీశైలం పోయావు. నీ బండికి వెనక చక్రం ప్రయాణం 130. అందులో పావు వంతుకి కాస్త ఎక్కువే నువ్వు కూర్చోగానే కుంగాలి. 35 అటూ ఇటూ. సీ స్పానర్, అదే ప్రీలోడ్ మెట్లు తిప్పే కొక్కెం పానా, తీసుకుని నాలుగు మెట్లు దించు, మళ్ళీ కొలువు. గాలి కంపెనీ స్టిక్కర్ మీద ఎంతుందో అంతే కొట్టించు. ఫోర్కాయిల్ మార్చుకోకుండా ఇంకే బండీ చూడబాక.

మూడో మలుపు, ఒంగోలు — బుధవారం రాత్రి 10:20

బాబాయ్, ఒక అనుమానం. ప్రీలోడ్ బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందనే అందరూ అంటారు. అంతేనా?

కావలి మాస్టారు, కావలి — గురువారం ఉదయం 6:15

అందరూ అంటారమ్మా, కానీ గట్టిపడదు. స్ప్రింగు అదే తీగ, అవే చుట్లు. ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎంత బరువు కావాలో అంతే కావాలి. ప్రీలోడ్ మార్చేది బండి ఏ ఎత్తులో నిలబడుతుందన్నది. మరి తన్నుడు ఎందుకంటే, మనం కూర్చున్నాక స్ప్రింగు కొంచెం కుంగి ఉంటేనే చక్రం గుంటలోకి దిగడానికి చోటుంటుంది. 12 మిల్లీమీటర్లే కుంగితే, గుంట 30 లోతుంటే, చక్రం 12 దిగి వేలాడుతుంది. మిగతాది బండి మొత్తం పడుతుంది, మీ నడుముతో సహా. అవతలి అంచు తగలగానే అంతా పైకి లేస్తుంది. ఆవిడ ఎక్కినప్పుడు బరువుకి కుంగి ఆ చోటు వచ్చింది. అందుకే ఆమెకి బాగుంది.

పెన్నాఒడ్డు, నెల్లూరు — ఆదివారం మధ్యాహ్నం 12:10

నాలుగు మెట్లు దించినా. తేడా 31 వచ్చింది. ఫోర్కాయిల్ మార్పించినా, అన్నా చెప్పినట్టు డికాషనే. పొద్దున రాపూరు మీదుగా పెంచలకోన పోయొచ్చినా. అదే సీటు, అదే షాకప్పు. గతుకు ఉందని తెలుస్తా ఉంది, నడుముకి తగలడంలా. కోనలో బల్ల మీద కూర్చుని టీ తాగినా.

అయినా వచ్చే వారం చెన్నై పోయి టైగరూ, 1100ఎస్‌ఎక్సూ రెండూ తోలి చూస్తా. అది మానుకోలా.

ఇంకో కబురు. ఇంటికొచ్చి మా ఆవిణ్ణి ఎక్కించుకుని మాగుంట లేఅవుట్ దాకా పోయినా. స్పీడు బ్రేకర్ కాడ ధబ్‌మని కూలింది. "ఇదేంది, బాగున్న బండిని పాడు చేసినావు" అంటా ఉంది. అన్నా, ఇప్పుడు ఆమె ఎక్కినప్పుడల్లా నేను సీ స్పానర్‌తో కింద పడుకోవాల్సిందేనా?

మూడో మలుపు, ఒంగోలు — ఆదివారం మధ్యాహ్నం 12:40

నేను చెప్పలా, నా బండికి గుండీ ఉందని.

రొయ్యలబాబు, అల్లూరు — ఆదివారం మధ్యాహ్నం 12:55

ఆ గుండీ ఖరీదు లక్షల్లో ఉంటది అక్కా.

ఒంగోలు స్పానర్, ఒంగోలు — ఆదివారం మధ్యాహ్నం 1:30

తమ్ముడూ, సీ స్పానర్ మూడొందలు. ఎక్కేముందు ఆమె చేతికే ఇయ్యి.